తోడికోడలి అద్దాల చేను

మా మామ భూమి పంచిన నాడు నల్లరేగడి మాకు వచ్చింది, రాళ్ళ చెలక మా మరిదికి పోయింది. మల్దకల్ దాటి అయిజ దారి పట్టాక ఎడమ చేతి వైపు కనిపించే నేల అది. రెండింటికీ మధ్య ఒక గట్టు మాత్రమే. నా భర్త ఊళ్ళోనే ఉండి సేద్యం చేసేవాడు, మరిది మీసాలు రాకముందు నుంచే పూణెలో కట్టుబడి పనులకు పోయేవాడు. దున్నేవాడికి దున్నే నేల ఇచ్చి, రెండోవాడికి రాళ్ళ నేల రెట్టింపు ఇస్తే సరిపోతుందని మామ అనుకున్నాడు. ఎవరూ నోరెత్తి అడగలేదు. నేను మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నా తోడికోడలు నాగర్‌కర్నూలు వైపు పిల్ల. నాది వనపర్తి. నేను డిగ్రీ చదివి, పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఇంట్లో కాగితం ఏదొచ్చినా నా చేతికే వచ్చేది. ఆమె ఏడో తరగతితో ఆగిపోయింది. చెలకలో ఏదీ పండదు కనుక మేకలు పెంచింది. పొద్దున్నే వాటిని తోలుకుని మా పత్తి చేను గట్టు మీదుగా పోతుంటే నేను పిలిచి చాయ పోసేదాన్ని. పండగకు చీర తీస్తే ఆమెకూ ఒకటి తీసేదాన్ని. ఆమె మీద నాకు ప్రేమ ఉందని నేను ఎన్నడూ అనుమానించలేదు.

ఒకసారి ఎండాకాలం మొదట్లో ఆమె మధ్యాహ్నం పూట మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుని, ఎవరైనా వింటున్నారేమోనని వాకిలి వైపు చూసి చెప్పింది.

"అక్కా, మా రాళ్ళ చెలకను సోలారు కంపెనోళ్ళు అడుగుతున్నరు. ఇరవై ఏండ్లకు పైన కౌలంట. ఇయ్యాల్నా వద్దా? నువ్వు సదువుకున్నదానివి, జర చెప్పు."

"ఇయ్యి," అన్నాను నేను. "గా రాళ్ళల్ల ఏం పండుతది?"

కాగితాలన్నీ నేనే చదివి పెట్టాను. కరెంటు పారడం మొదలైన నాటి నుంచి కౌలు వస్తుందని ఒక చోట రాసి ఉంది. అది కూడా చదివి వినిపించాను. వాళ్ళు సంతకాలు పెట్టారు. అప్పటికి నాకు ఏమీ అనిపించలేదు. రాళ్ళ మీద ఎవరో వచ్చి అద్దాలు పరుస్తారంటే నవ్వొచ్చింది కూడా.

నవ్వు ఎప్పుడు పోయిందో చెప్పగలను. ఒక ఆదివారం కిరాణా కొట్టు దగ్గర నిలబడి ఉంటే కొట్టాయన నన్ను దాటి వెనక చూసి, ఆమెను పేరుపెట్టి, చివర అమ్మా అని చేర్చి పిలిచాడు. అంతకుముందు మేకలామె అనేవాడు. ఆమె సిగ్గుపడుతూ ముందుకు వచ్చి సబ్బు అడిగింది. ఆమె ముఖంలో గర్వం ఏమీ లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. ఇంటికి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి మాడబెట్టాను.

ఆ తరువాత అది రోజూ ఉండే నొప్పి అయింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె రాత ఎంత మంచిదో నాతోనే చెప్పేవాళ్ళు. మీ చెల్లెకు ఇగ ఎండలేదు వానలేదు, కూసుండి తింటది అనేవాళ్ళు. నిజమే కదా అనిపించేది. ఎండా వానా మాకే. జూన్‌లో రావాల్సిన వాన జూలై దాటినా రాని ఏడు చూశాను. మిరప కళ్ళంలో ఉండగా అకాలంగా పడి ఎర్రటి కాయలను తెల్లగా చేసిన వాన చూశాను. బోరులో నీళ్ళు ఏటికేడు కిందికి పోతున్నాయి. ఈ లోకమంతా వేడెక్కుతోందని టీవీలో చెబుతుంటారు. మా ఇంట్లో దానికి టీవీ అక్కర్లేదు, మా ఆయన పొద్దున లేచి ఆకాశం వైపు చూసే చూపు చాలు. ఆ వేడిని ఆపడానికే ఈ అద్దాలట. వేడికి నష్టపోయింది మేము, ఆపే పనికి కౌలు ఆమెకు. ఆ లెక్క నాకు ఎటు తిప్పినా మింగుడు పడలేదు.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గద్వాల బస్సెక్కాను. కంపెనీ వాళ్ళు పాత బస్టాండు వైపు ఒక మేడ మీద ఆఫీసు పెట్టారు. మా ఆయనకు కూడా చెప్పలేదు, అడిగితే దవాఖానకు పోయానని చెబుదామనుకున్నాను. లోపల ఒక సారు కంప్యూటరులో మా ఊరి పటం తెరిచి, మా చేను మీద వేలు పెట్టాడు. చుట్టూ బూడిద రంగులో ఉంటే మాది మాత్రం పచ్చగా ఉంది.

"మీది మంచి నేలమ్మా," అన్నాడు అతను, మెచ్చుకుంటున్నట్టు. "పంట పండే భూమి మేం తీసుకోం. బీడు ఉంటే చెప్పండి."

మంచి నేల. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి వింటూ వచ్చిన మాట అది. అప్పుడు మాత్రం ఎవరో అందరి ముందూ నన్ను పక్కన కూర్చోబెట్టినట్టు అనిపించింది. మల్దకల్‌లో బస్సు దిగి నేరుగా చేను దగ్గరికి పోయాను. మట్టి చేతిలోకి తీసుకుంటే మెత్తగా నలిగింది. ఇది కూడా రాళ్ళయి ఉంటే ఎంత బాగుండునని అనుకున్నాను. ఆ కోరిక ఎంత పాడుదో ఆ క్షణమే తెలిసింది, అయినా పోలేదు.

చెలకలో పని మొదలైంది. రాళ్ళను పగలగొట్టారు, తుమ్మలు కొట్టారు, చుట్టూ కంచె వేశారు. మేకలకు మేత లేకపోయేసరికి ఆమె వాటిని అయిజ సంతలో అమ్మేసింది. మరిది పూణె పని మానేసి వచ్చేశాడు. ఇనుప గుంజలు వరుసగా నిలబడ్డాయి. అంతే, అక్కడ ఆగిపోయింది.

అద్దాలు రాలేదు. అవి చైనా నుంచి రావాలట. మనకూ వాళ్ళకూ సరిహద్దు దగ్గర పొసగక వాటి మీద సుంకం పెంచారని ఒకరు, ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేసినవే పెట్టాలని కొత్త నియమం వచ్చిందని ఒకరు, ఇక్కడి ఫ్యాక్టరీలవన్నీ ఎక్కువ ధర పెట్టే అమెరికా పట్టుకుపోతోందని ఇంకొకరు చెప్పారు. కంచె దగ్గర కాపలా ఉండే అతనికి కూడా ఏదీ సరిగ్గా తెలియదు. నేను పేపరు తెప్పించుకుని చదివి ఆమెకు వివరంగా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతులో ఎంత జాలి ఉందో నాకే వినిపించింది. లోపల మాత్రం ఎవరో చల్లటి నీళ్ళు పోసినట్టుంది.

కరెంటు పారితేనే కౌలు. మేకలు లేవు. మరిది మళ్ళీ పూణెకు పోయాడు. ఆమె మా పత్తి చేనులోకి కూలికి వచ్చింది.

మాది సీడు పత్తి. గద్వాల చుట్టుపక్కల దాన్ని విత్తనాల కోసమే పండిస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లో పుప్పొడి కాడలను గోటితో గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి వాటికి రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటాం. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు, తడిస్తే అసలే పనికిరాదు. పూల కాలమంతా నేనూ ఆమె పక్కపక్క సాళ్ళలో నడిచాం. ఆమె తన పుట్టింటి కబుర్లు చెప్పేది, నేను బడి పిల్లల కబుర్లు చెప్పేదాన్ని. మధ్యాహ్నం ఒకే గిన్నెలో సద్ది తినేవాళ్ళం. నాకు ఆ రోజులు ఎంత ఇష్టంగా ఉండేవో. తెల్లారితే ఆమె వస్తుందని ఎదురుచూసేదాన్ని. నా కడుపులో మంట ఎటు పోయిందో ఆలోచించలేదు, పోయిందని సంతోషించాను.

ఆ ఏడు వాన సరిగ్గా ఆ పూల మీదే పడింది. ముసురు పట్టి వదలలేదు. మగ పూలు ముద్దయి చేతికి అంటుకునేవి. కాయలు నిలిచినవి నిలిచాయి గానీ గింజ మొలకెత్తే పరీక్షలో పోయింది. సీడు కొనే ఆర్గనైజరు మూటలు వెనక్కి పంపాడు. మా ఆయన వాటిని చూసి బయటికి వెళ్ళాడు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, చాలాసేపు నా వీపు మీద చెయ్యి పెట్టి ఉంది. ఆమెకు కౌలు లేదు, నాకు పంట లేదు. ఆ చలికాలమంతా అక్కాచెల్లెళ్ళలా ఉన్నాం.

తరువాతి ఎండాకాలం లారీలు వచ్చాయి. ఒకటి వెనక ఒకటి, మా చేను పక్కనుంచే పోయాయి. చెక్క పెట్టెల మీద ఏ దేశం పేరుందోనని నేను చూశాను. దుమ్ములో కనిపించలేదు. వారం తిరిగేసరికి గుంజల మీద అద్దాలు లేచాయి. మిట్ట మధ్యాహ్నం గట్టు మీద నిలబడితే చెలక అంతా చెరువులా మెరిసింది. కొంతకాలానికి కరెంటు పారింది.

ఆమె స్టీలు డబ్బాలో లడ్డూలు తెచ్చింది. నేను పత్తి కట్టెలు ఏరుతున్నాను. అక్కడ పెట్టి పొమ్మన్నాను, తల ఎత్తలేదు. కూర్చోమని అనలేదు. నా గొంతు మారిందని నాకు తెలుసు, దాన్ని సరిచేయడానికి ప్రయత్నించాను కూడా, కుదరలేదు. ఆమె డబ్బా కింద పెట్టింది గానీ పోలేదు. నిలబడే ఉంది.

"అక్కా, ఒక మాట అంటా. నాకు కష్టమున్నప్పుడే నీకు నా మీద ప్రేముంటది," అంది.

కోపంగా అనలేదు. కట్టెల మోపు కింద పడేసి కూర్చున్నాను. ఆమె కూడా ఎదురుగా మట్టిలోనే కూర్చుంది.

"నేను ఓర్వలేకపోతున్న," అన్నాను చివరికి. "ఏం చేయాల్నో తెల్వదు."

ఆమె నవ్వింది. అందులో వెటకారం లేదు, అలసట ఉంది.

"నేను గన్ని ఏండ్లు ఏం చేసిననుకున్నవ్? మేకలు తోలుకొని మీ గట్టు మీదంగ పోయేటప్పుడు మీ చేను దిక్కు సూడకపోతుంటి. సూస్తే కండ్లు మండుతుండె. నువ్వు పిలిచి చాయ పోస్తుంటివి. గది తాగుకుంట లోపల్లోపల ఇంకా ఎక్కువ ఏడుస్తుంటి."

నాకు ఆ చాయ అంతా గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ గబగబా తాగి గ్లాసు కడిగి పెట్టి పోయేది. మేకలు పంట మీద పడతాయని తొందర అనుకునేదాన్ని.

ఆ రోజు మేము కౌగిలించుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. లడ్డూ తిన్నాను. బాగుందని చెప్పాను, నిజంగానే బాగుంది. ఆమె లేచి పోయాక కట్టెలు ఏరడం పూర్తి చేశాను.

అప్పటి నుంచి నాకు అసూయ తగ్గిందని చెబితే అబద్ధం. వాళ్ళు ఇంటి మీద గది వేసినప్పుడు మంట లేచింది. మరిది పూణె పని శాశ్వతంగా మానేసి, తన కూతురిని వనపర్తిలో హాస్టల్లో చేర్చినప్పుడు లేచింది. తేడా ఒక్కటే, ఇప్పుడు ఆమెతోనే చెబుతాను. గది చూపించడానికి తీసుకుపోయినప్పుడు బాగుంది, నాకు కుళ్ళుగా ఉంది అన్నాను. ఆమె కిటికీ రెక్కలు తెరిచి, ఇంకా కుళ్ళుకో, గాలి కూడా బాగ వస్తది అంది. చెప్పుకోలేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో నేను గట్టు వైపు పోను.

ఈ మధ్య గ్యాస్ బండలు రావడం ఆగిపోయింది. గల్ఫ్ వైపు సముద్రంలో యుద్ధం వల్ల ఓడలు ఆగాయని ఏజెన్సీ వాళ్ళు చెప్పారు. బుక్ చేసి ఎంత కాలమైనా బండి రాలేదు. ఆమె గద్వాల నుంచి కరెంటు పొయ్యి తెచ్చుకుంది. అద్దంలాంటి పలక మీద గిన్నె పెడితే నిప్పు లేకుండా నీళ్ళు మరుగుతాయి. నాకు ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళు బింకంగా వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పత్తి కట్టెలతో వండాను. ఎండ, పొగ, కళ్ళలో నీళ్ళు. ఒక మధ్యాహ్నం బియ్యం కడిగిన గిన్నె ఎత్తుకుని ఆమె ఇంటికి పోయాను. ఆమె గిన్నె అందుకుని పొయ్యి మీద పెట్టింది.

అన్నం ఇంకా పొంగనేలేదు, కరెంటు పోయింది. పలక మీది ఎర్ర దీపం ఆరిపోయింది. ఇద్దరం కిటికీలోంచి చూశాం. దూరంగా చెలకలో అద్దాలన్నీ ఎండను తాగుతూ మెరుస్తున్నాయి. వాటి మీద నుంచి పెద్ద తీగలు స్తంభాల వెంట ఊరి వైపు తిరగకుండా నేరుగా పోతున్నాయి.

"మన పక్కన పుట్టిన కరెంటు యాడికి పోయిందక్కా?" అంది ఆమె.

"పట్నం పోయింది. ఆడ ఏసీలు నడవాలె గద," అన్నాను.

ఆమె మూతి ముడిచింది. ఏసీ గదుల్లో కూర్చున్న ఆ తెలియని మనుషుల మీద మా ఇద్దరికీ ఒకేసారి కడుపు మండింది. చాలాసేపు వాళ్ళను తిట్టుకున్నాం. ఎంతకీ కరెంటు రాకపోయేసరికి, సగం ఉడికిన అన్నం గిన్నెను చెరో వైపు గుడ్డతో పట్టుకుని, మా వాకిట్లో రాళ్ళ పొయ్యి మీదికి తెచ్చాం. ఆమె కట్టెలు ఎగదోసింది, నేను ఊదాను. అన్నం అడుగు కొంచెం మాడింది, పొగ వాసన వచ్చింది. పచ్చి పులుసుతో కలుపుకుని ఇద్దరం అక్కడే తిన్నాం.