గ్రీజు పూసిన కాలు

మాన్విలో షుగరు డాక్టరంటే మా క్యాంపు మొత్తానికి ఒకప్పుడు ఆయనే. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద క్యాంపు పేరుతో ఊరు కట్టుకుని వరి వేసుకుంటున్నవాళ్ళం మేము. ఆయన చెయ్యి పడితే చాలనుకునేవాళ్ళం. ఇప్పుడాయన తెలియనివాళ్ళు లేరు. వైద్యం వల్ల కాదు, రీల్స్ వల్ల.

దమ్ము చేసే రోజుల్లో బురదకి నాని కాలివేళ్ళ సందులు చెడితే, నీళ్ళు దిగకుండా ట్రాక్టరు గ్రీజు పూసుకోవడం మావాళ్ళ అలవాటు. షుగరున్న మా నాన్నా అదే పని చేశాడు. కాలు వాచి వాసనొచ్చాక గానీ నాకు చూపించలేదు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏం పూసినవ్ పెద్దాయనా? నా కాడ దాస్తే కాలు పోతది," అన్నాడు డాక్టరు.

"గ్రీజండీ," అన్నాడు నాన్న తలొంచుకుని.

డాక్టరు పగలబడి నవ్వాడు. కాంపౌండరు ఫోను పైకెత్తి, "ఇంగోసారి చెప్పు పెద్దాయనా, జర గట్టిగ," అన్నాడు. వైద్యం కోసమే కాబోలు అనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది! నాన్న మళ్ళీ గట్టిగా చెప్పాడు.

పుండు మానింది. ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. కానీ మానేలోపే రీల్ వచ్చింది. నాన్న పాదం, నాన్న గొంతు, వెనక ట్రాక్టరు హారన్ మోత, పైన "సర్వీసింగుకొచ్చిన కాలు" అని రంగురంగుల అక్షరాలు. ముఖం లేదు. అయితేనేం, ట్రాక్టరు దమ్ము చక్రం కింద పడి సగం తెగిన ఆ కాలి చిటికెన వేలు మా క్యాంపులో ఎవరికి తెలియదు? "ఏం బాబాయ్, ఆయిల్ కూడా మార్పించావా?" అన్నారు టీ కొట్టు దగ్గర. మొదటిరోజు నాన్న కూడా నవ్వాడు. తర్వాత టీ కొట్టుకే వెళ్ళడం మానేశాడు.

నాకు ఒళ్ళు మండి డాక్టర్ని అడగడానికి వెళ్ళాను. ఆయన బల్ల పక్కన గుండ్రటి లైటొకటి స్టాండుకి బిగించి ఉంది. "మొఖం చూపియ్యలేదు కదమ్మా. జనానికి తెలివి రావాలనే పెట్టిన," అన్నాడు. ఆహా, ఎంత దయ! జనానికి తెలివి రాకేం, బాగానే వచ్చింది. డాక్టరు ముందు నోరు విప్పకూడదని.

మరుసటి పంటకి మళ్ళీ పుండు. ఈసారి నాకూ చెప్పలేదు. కుంటుతుంటే పట్టుకుని, బతిమాలి, తిట్టి, రాయచూరులో వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"దీనికి ఏమైనా పూశారా?" అని అడిగిందామె.

నాన్న బల్లమీదున్న ఆమె ఫోను వైపు చూశాడు. "లేదండీ. ఏమీ పూయలేదు."

పొద్దున ఆయన చెప్పుల మీద నల్లటి జిడ్డు నేను చూశాను. చెబితే ఆయన పరువు, చెప్పకపోతే కాలు. "గ్రీజు పూశాడండీ," అన్నాను. నాన్న నా వైపు చూడలేదు.

ఆమె నవ్వలేదు, కాలు వదల్లేదు. ఇంకో రెండు రోజులు ఆగుంటే పాదమే తీసేయాల్సి వచ్చేదంది. బొటనవేలితో సరిపోయింది.

డిశ్చార్జయి బస్సులో తిరిగొస్తున్నాం. కట్టు కట్టిన పాదాన్ని నాన్న సీటు కిందకి లాక్కున్నాడు. మాన్వి వచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుని, అప్పుడు మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, నువ్వు చెప్పేటప్పుడు ఆవిడ ఫోను ఎటు తిరిగుందో చూశావా?"