మైలలో మూసిన కొట్టు

నేను చదివింది అయిదో తరగతి. అయినా మా ఇంట్లో ఎవరు ఏ మాట ఎక్కడ కూర్చుని అన్నారో నాకు నిన్నమొన్నటిలా కళ్ళకి కడుతుంది. ఇది ఎనభైల్లో, మా నూజివీడు ఇంట్లో, కాయల సీజను మధ్యలో జరిగిన సంగతి. మాది మామిడి వ్యాపారం. వసారా నిండా గడ్డి, గడ్డిలో మాగేసిన రసాలు. ఎవరైనా వస్తే గంపలు జరిపి చాప వేయాలి.

ఆ పూట మా ఆడపడుచు మామగారు బందరు నుంచి వచ్చారు. రిటైరైన మాస్టారు. బందరు చరిత్ర రాస్తున్నారు. అచ్చుకి ఇచ్చేముందు పాతవాళ్ళకి చదివి వినిపించి తప్పులు దిద్దుకుంటున్నారు. మా అత్తగారి పుట్టిల్లు బందరే కాబట్టి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, ఆ ఎండలో పడి ఇంతదూరం వచ్చారు.

“ఏంటన్నయ్యగారూ, పళ్ళకోసం వచ్చారనుకుంటే పరీక్ష పెడతానంటారేంటి?” అన్నారు మా అత్తగారు.

“మీరు పాసైతేనే పండు ముట్టుకుంటానండీ చెల్లెమ్మగారూ.”

ఆయన చదువుతుంటే ఆవిడ పళ్ళు ఏరుతూనే వింటున్నారు. “ఆ బావి వీధి మధ్యలో లేదండీ, మలుపులో ఉండేది. నీళ్ళు ఉప్పన. మడిబట్టలు తడపడానికి తప్ప ఎవరూ తోడేవారు కాదు.” ఆయన పెన్సిలుతో దిద్దుకునేవారు. నవ్వుతూ నవ్వుతూ పుస్తకంలో చాలా దూరం వచ్చేశారు.

అప్పుడు గాలివాన సంగతి వచ్చింది. మా అత్తగారి చిన్నతనంలో సముద్రం ఊళ్ళోకి వచ్చిందట. ఆయన చదివారు: “నీళ్ళు తీశాక ఊళ్ళో గింజ దొరకలేదు. బజారు మూలనున్న బియ్యం వర్తకుడు, ధర పెరుగుతుందన్న ఆశతో కొట్టు మూసుకు కూర్చున్నాడు. ఆకలితో జనం తలుపులు బాదినా తీయలేదు.” చదివి, తలెత్తి, “అతనెవరో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారండీ. మీకేమన్నా తెలుసా?” అన్నారు.

ఆ మూల కొట్టు మా అత్తగారి నాన్నగారిదని నాకు తెలుసు. మాస్టారికి తెలియదు. మా ఇళ్ళు వియ్యమందేనాటికి ఆ కొట్టూ లేదు, ఆ మనిషీ లేరు. ‘తెలీదండీ’ అని ఒక్క ముక్క అంటే పోయేది. ఆవిడ చేతిలో పండు పక్కన పెట్టారు.

“ఆ కొట్టు మా నాన్నదండీ.”

పాపం, మాస్టారు గాభరాగా పెన్సిలు తీశారు. “అయ్యో, క్షమించండమ్మా. ఇప్పుడే కొట్టేస్తాను.”

“కొట్టేయకండి. దిద్దండి. కొట్టు మూసిన మాట నిజం. ధర కోసం కాదు. వెనక గోడ కూలి మా పెద్దన్నయ్య పోయాడు. మేం మైలలో ఉన్నాం.”

“కొట్టు మూశారంటే లాభానికేననుకున్నాను. మన ఇళ్ళల్లో పుట్టి, మైలన్న మాటే నాకు తట్టలేదు,” అని, ఆయన అప్పటికప్పుడు ఆ వాక్యం మార్చి చదివారు. ఆ ఇంట్లో చావు జరిగింది, ఆచారం ప్రకారం కొట్టు మూసి ఉంది అని. “సరిపోయిందాండీ?”

నేను హమ్మయ్య అనుకున్నాను. నాన్నగారి మీద పడ్డ మచ్చ పోయింది కదా! మా అత్తగారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

“ఇంకా ఉందండీ. లోపల బియ్యం పొడిగానే ఉన్నాయి. మా అమ్మ తెరవమంది. ‘ఆకలికి మైలేంటండీ, తలుపు తీయండి’ అని నాన్న కాళ్ళు పట్టుకుంది. మైల ఇంటి గింజ ఎవరు ముడతారన్నాడు నాన్న. తలుపు కొట్టినవాళ్ళెవరూ మైలా అని అడగలేదండీ. పిల్లాడు ఏడుస్తున్నాడన్నారంతే. నాన్న చెడ్డవాడు కాదు. ఆచారం తప్పితే కొడుక్కి గతులుండవని భయం. నేను అమ్మ వెనక నిలబడి అన్నీ విన్నాను.”

“ఇదంతా ఎందుకు చెల్లెమ్మగారూ? మైలన్నాం, చాలు. బందరులో మీ తమ్ముడుగారు నలుగురిలో తిరిగే మనిషి. ఆయనేమనుకుంటారు?”

“సగం రాస్తే మీరు ముందు రాసినదానికీ దీనికీ తేడా ఏముంది? అప్పుడు నాన్నకి అన్యాయం. ఇప్పుడు అమ్మకీ, ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళకీను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఆవిడ రెండోసారి చదివించుకుని విన్నారు. అమ్మ మాట వచ్చినచోట పెదవులు కదిలాయి.

మరుసటి వేసవికి పుస్తకం అచ్చయింది. ఏటా చిన్నరసాలు రాగానే అక్కగారింటికి దిగే తమ్ముడుగారు ఆ ఏడు రాలేదు. “నలుగురిలో నాన్న పరువు తీసింది” అన్నారని మనుషుల ద్వారా తెలిసింది. మా ఆయన వెళ్ళి బతిమాలి తీసుకొస్తానంటే అత్తగారు వద్దన్నారు.

“వాడి కోపం వాడిది, ఉండనీ. అప్పటికి వాడింకా పుట్టలేదు నాయనా. ఆ తలుపు చప్పుడు వాడు వినలేదు.”

అని, తమ్ముడుగారి కోసం విడిగా మాగేసిన పళ్ళను నాచేత వీధిలో పిల్లలందరికీ పంచిపెట్టించారు.