ఇనుప కాలికి గుడ్డ కట్టు

హైటెక్ సిటీ అద్దాల మేడ వెనకున్న పాత కంపెనీలో మా చిన్నోడు జనరేటర్ చూసుకుంటాడు. వాడి నెత్తి మీదే నీళ్ల ట్యాంకు. దాన్ని మోసే ఇనుప స్తంభాన్ని తుప్పు తినేసింది. అది కూలుతుందేమోనని నెల నుంచి నాకు నిద్ర లేదు.

ఈ రోజు సద్ది తీసుకెళ్తే, ట్యాంకు ఖాళీ చేసి బాగు చేస్తున్నారు. తుప్పంతా గీకేసరికి ఇనుము వెండిలా మెరుస్తోంది. పక్కన జిగురు, నల్లని గుడ్డ పెట్టుకున్నారు. భయమేసి, కొంగున కట్టుకెళ్లిన పసుపు కుంకుమ తీసి ఆ మెరుపు మీద బొట్టు పెట్టేశాను.

"అయ్యో పెద్దమ్మా! జర మరకున్నా జిగురు పట్టదు," అన్నాడు మేస్త్రి.

"ఇనుమును గుడ్డ ఆపుతదా బిడ్డా? వెల్డింగ్ చెయ్యరాదు?"

"ఇది ఉత్త గుడ్డ కాదు, కార్బన్ నార; జిగురు ఆరితే ఇనుమంత గట్టిగైతది. పక్కన డీజిల్ ఉంది. రవ్వ పడితే నీ కొడుకూ ఉండడు, నేనూ ఉండ."

కుంకుమ మళ్లీ కొంగున ముడేసుకున్నాను. మళ్లీ గీకి, తుడిచి, చంటిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినంత మెల్లగా చుట్టారు. పైన జిగురు పూశాక మేస్త్రే పిలిచాడు.

"ఇగ పెట్టు పెద్దమ్మా. ఆరినంక ఎన్నడూ చెరగదు."

ఇప్పుడు కళ్లు మూస్తే ఆ నలుపులో ఎర్రటి చుక్క, అద్దాల మేడలో పొద్దు గుంకినట్టు కనిపిస్తోంది. రేపు ట్యాంకు నింపుతారట. మీరైతే నిద్రపోతారా?