బొటిక్ అన్న బోర్డు

ఆమెను వీధిలో అందరూ జిప్పులమ్మ అనేవారు. తాళాల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుకు గదిలో, భర్త పోయిన నాటినుంచి ఒక్క కుట్టు మిషను మీదే కొడుకులిద్దరినీ పెంచి పెద్దచేసింది. ఊడిన జిప్పు, పొడుగైన ప్యాంటు, బిగుతైన గౌను, ఏది తెచ్చినా కాదనేది కాదు. తలుపు మీద బోర్డు లేదు. దాని అవసరమూ రాలేదు.

చిన్న కోడలికీ కుట్టుపని వచ్చు. అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గుమ్మం మీద గులాబి రంగు బోర్డు వేలాడదీసింది: ‘బొటిక్’.

"ఇదేం మాటే?"

"ఫ్రెంచి మాట అత్తయ్యా. ఎంత దర్జాగా ఉందో చూడండి!"

"దర్జీకి దర్జా దేనికే?" అని గొణుక్కుందే గానీ, పిల్ల ముచ్చట పడిందని ఊరుకుంది.

ఆ నెల తిరక్కుండానే కొట్టు బోసిపోయింది. కొత్తవాళ్ళు లోపలికి తొంగిచూసి, "ట్రయల్ రూమ్ లేదా?" అని పెదవి విరిచి పోయేవారు. పాతవాళ్ళ జాడే లేదు. ఒక సాయంత్రం, ఎన్నో ఏళ్ళుగా వచ్చే నర్సు సంచీ పట్టుకుని ఎదుటి వైపునుంచి వెళ్ళిపోతుంటే జిప్పులమ్మ కేకేసి పిలిచింది.

"బొటిక్ పెట్టారుగా అక్కా! చిరిగిన యూనిఫాం పట్టుకుని ఎలా రాను?" అంది నర్సు మొహమాటంగా.

జిప్పులమ్మకు ఒళ్ళు మండిపోయింది. విసవిసా లోపలికి వచ్చింది.

"అసలు ఆ మాటకి అర్థమేంటో చెప్పవే!"

కోడలు ఫోనులో వెతికింది. "ఫ్రెంచిలో కొట్టు అనే అర్థమట. దాని మూలం గ్రీకులో ఉందట, సరుకు దాచే గది అని. ఇప్పుడేమో ఖరీదైన బట్టల షాపుని అలా అంటున్నారు."

"అంటే కొట్టేగా! అన్ని దేశాలు తిరిగి, లేని గొప్పలు తగిలించుకుని, చివరికి నా గుమ్మం మీదే ఎక్కి కూర్చోవాలా?"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను కూడా జన్మంతా జిప్పులే వేస్తూ కూర్చోవాలా అత్తయ్యా? నాకు గౌన్లు కుట్టాలనుంది."

ఆ మాట విన్నాక జిప్పులమ్మ బోర్డు తీయించలేదు. దాని కింద కోడలి చేతే ‘చిరుగులు, జిప్పులు కూడా’ అని రాయించింది. నర్సు తిరిగి వచ్చింది. మిగతావాళ్ళు అంత తేలిగ్గా రాలేదు. జిప్పులమ్మ మిషను గుమ్మం దగ్గరికి జరుపుకుని, తెలిసిన ముఖం కనిపిస్తే చాలు, విసుగంతా గొంతులోకి తెచ్చుకుని అరుస్తుంది:

"రావయ్యా లోపలికి! ఇది కొట్టే!"