విలన్ కళ్లకు నీలం సిరా

పాత కౌబాయ్ కామిక్స్ మళ్లీ అచ్చయ్యాయని మన గ్రూపులో ఒకటే పండగ. "భాయ్, కవర్ చూసి ఏడ్చేసిన" అని ఒకాయన పెట్టాడు. నేనూ తెప్పించుకున్నాను. ప్లాస్టిక్ కవరు చింపగానే కొట్టిన అచ్చు వాసనకి చిన్నప్పటి మా చిలకలగూడ ఇల్లు, ఇనుప మంచం కింద మా పుస్తకాల ట్రంకుపెట్టె గుర్తొచ్చాయి.

మీ ఇళ్లలోనూ ఇలా చేసేవాళ్లా? కొత్త పుస్తకం రాగానే మా శామ్యూల్ అన్న ముందు విలన్ కళ్లకు నీలం సిరా పూసేవాడు. "గిట్ల చేస్తె వాడు మనల్ని చూడడు రా. ఇగ చదువు" అనేవాడు. అన్న పోయాక నేను కామిక్స్ ముట్టలేదు.

ఇవాళ మొదటి పేజీ తిప్పాను. విలన్ కళ్ల మీద నీలం సిరా. తుడవబోతే వేలికి అంటింది, ఇంకా తడి ఆరలేదు.

మీ కాపీలు తెరిచి జెర చెప్పండి. వాడు మిమ్మల్ని చూస్తున్నాడా?