పద్నాలుగో మగ్గం ఖాళీ కాదు

దయ్యాలున్నాయని నన్ను నమ్మించడం కష్టం. నేను అంగడిలో పెరిగినదాన్ని. ఎవరు ఏ సరుకు తెచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాను. తర్వాత అంచు పట్టి లాగి చూస్తాను. ఆ తర్వాత వాళ్ళు చెప్పిన ధరలో సగం అడుగుతాను. ఇంతవరకు దయ్యం కథ చెప్పినవాళ్ళెవరూ ఈ మూడు పరీక్షలూ దాటలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేదాన్ని కూడా చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. వెనకవైపు ఏమీ దొరకలేదు. అయినా దయ్యమని మాత్రం ఒప్పుకోను. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

మా నాయనకు గుడియాత్తం బజారులో లుంగీల అంగడి ఉండేది. నేను దాన్ని వేలూరుకు మార్చాను. నేత మాత్రం ఇప్పటికీ గుడియాత్తంలోనే. ఇరవై రెండు ఇళ్ళలో మాకోసం మగ్గాలు ఆడతాయి. ఏ మగ్గం మీద ఏముందో, దేనికి పడుగు పంపాలో, ఏ బట్ట కోతకొచ్చిందో అంతా నా తలలోనూ ఒక చినిగిన నోటుపుస్తకంలోనూ ఉండేది. పడుగంటే మగ్గం మీద నిలువుగా పరిచే నూలు. అది అందకపోతే నేసేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. నేను మరిచిపోయి అలా కూర్చోబెట్టిన రోజులు చాలానే ఉన్నాయి.

కాట్పాడిలో కంప్యూటర్లు నేర్పే రేవతి నాకు తెలిసినమ్మాయి. ఆమె ఒక దారి చూపించింది. కంప్యూటర్‌లో ఒక పనుల బోర్డు. మగ్గానికొక కార్డు. ‘ఖాళీ’, ‘నేతలో’, ‘కోసింది’, ‘ఆపినవి’ అని నాలుగు వరసలు. పని ముందుకు సాగేకొద్దీ కార్డును ఒక వరసలోంచి ఇంకో వరసలోకి లాగి పెట్టాలి. ఆ బోర్డును ఇంకో సర్వీసుకు కలిపింది. ఇక్కడ ఇది జరిగితే అక్కడ అది చెయ్యి అని ఒకసారి చెప్పి పెడితే ఆ సర్వీసు తనంతట తానే చేసుకుపోతుంది. కార్డు ‘ఖాళీ’ వరసలోకి రాగానే, గుడియాత్తంలో పడుగులు తయారుచేసే దక్షిణామూర్తి ఫోనుకు మెసేజ్ పోతుంది. మెసేజ్ తమిళంలో ఉంటుంది, మాలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేవాళ్ళు తక్కువ. తెలుగులో చెప్పాలంటే ఇంతే: ‘మగ్గం 14 ఖాళీ. పడుగు పంపండి.’ నంబరొక్కటే మారుతుంది. మిగతా మాటలు అచ్చు గుద్దినట్టు ఎప్పుడూ అవే.

రేవతి అడిగిన ఫీజులో సగానికి బేరం కుదిర్చాను. మిగతా సగానికి రెండు దుప్పట్లిచ్చాను. ఆ సర్వీసులో కూడా డబ్బు కట్టనక్కరలేని రకమే ఎంచుకున్నాను. దాంట్లో చేయించుకోగల పనులు లెక్కకు ఇన్నే. అంతకు మించితే కట్టమంటుంది. నేను మించలేదు.

పద్నాలుగో నంబరు మునిరత్నం మామది. చుట్టం కాదు. మా నాయన కాలం నుంచి మాకు నేసేవాడు, అందుకే మామ. బోర్డు సంగతి చెప్పడానికి వాళ్ళింటికి పోతే, మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ఆపకుండానే విన్నాడు.

“ఏం పాపా, మగ్గానిక్కూడా ఆధార్ కార్డు ఇస్తాండావా?”

నవ్వాను. ఆయన నవ్వలేదు. మగ్గం ఆపేశాడు.

“ఏమన్నా రాసుకో. నా మగ్గం కాలీ అని మాత్రం రాయొద్దు. కాలీ అంటే ఆ ఇంట్లో ఇంక నేసేవాళ్ళు లేరని. పడుగు లేకుంటే కాచుకోనుండాది అంటాం. మా నాయన అట్లే అన్నాడు, నేనూ అట్లే అంటా.”

నాకు ఆ పట్టింపు కొత్తేమీ కాదు. మా నాయన కూడా బోణీ కాకముందు ‘లేదు’ అనేవాడు కాదు. సరుకు లేకపోతే ‘రేపొస్తుంది’ అనేవాడు. అందుకే వెంటనే సరే మామా, మార్పిస్తాను అన్నాను. రేవతిని అడిగితే, ఒక్క మగ్గానికే వేరే మాట పోవాలంటే ఇంకో పని కలపాలి, దానికి డబ్బు కట్టాలంది. నేను కట్టలేదు. మామకు ఎలాగూ తెలియదు, మెసేజ్ పోయేది దక్షిణామూర్తికి. ఏడాది పైగా ఆయన మగ్గం పేరుతో ‘ఖాళీ’ అనే పోయింది.

మునిరత్నం మామ ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. అంతకు రెండు రోజుల ముందే బట్ట కోసిచ్చాడు. పడుగు కోసం నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. అమ్మకాలు మందంగా ఉన్నాయని కార్డును ‘కోసింది’ వరసలోనే ఉంచి, ఈ వారం పంపిస్తా మామా అన్నాను. ఆ వారంలోనే పోయాడు.

కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య సరోజమ్మత్త ఫోన్ చేసింది. వాళ్ళకు ఒక్కటే కూతురు, నాట్రంపల్లిలో ఉంటుంది. మగ్గం విప్పేసి, కొయ్య అమ్మేసి, తల్లిని తనతో తీసుకుపోవాలని ఆ అమ్మాయి ఆలోచన. శుక్రవారం విప్పేవాళ్ళు వస్తారట.

“పడుగొకటి పంపిస్తావా పాపా? నేను నేస్తా.”

అత్త నేస్తుందని నాకు తెలుసు. మామ భోజనానికి లేచినప్పుడు గుంతలో కూర్చుని నాలుగు పోగులు ఆడించేది. అంతే తెలుసు. అరవై దాటిన మనిషి, పండగ ఆర్డరు. నాలోని అంగడిమనిషి తక్కెడ పట్టుకుని నిలబడింది.

“చూద్దాం అత్తా,” అన్నాను.

మా అంగడి భాషలో ‘చూద్దాం’ అంటే లేదనే. అత్తకూ ఆ భాష తెలుసు. ఫోన్ పెట్టేసింది.

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను.

సోమవారం నా చేత్తో నేనే పద్నాలుగో కార్డును ‘ఆపినవి’ వరసలోకి లాగాను. మంగళవారం కొట్టు తెరిచి కంప్యూటర్ ఆన్ చేసేసరికి అది ‘ఖాళీ’ వరసలో ఉంది. నా చెయ్యే జారి ఉంటుందనుకున్నాను. వెనక్కి లాగి, దక్షిణామూర్తికి ఫోన్ చేసి పద్నాలుగుకు మెసేజ్ వచ్చుంటే పట్టించుకోవద్దన్నాను. వచ్చినాదక్కా, సరే అన్నాడు. బుధవారం మళ్ళీ అదే, మళ్ళీ వెనక్కి లాగాను.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. నా బోర్డులో నాకు తెలియకుండా చెయ్యి పెట్టేదెవరు? రేవతిని పిలిపించాను. బోర్డులో ఒక సౌకర్యం ఉంది. ఏ కార్డును ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి జరిపారో అంతా నమోదవుతుంది. సోమవారం నేను జరిపింది ఉంది. మంగళవారం నేను వెనక్కి లాగింది ఉంది. మధ్యలో అది ‘ఖాళీ’లోకి ఎలా వచ్చిందో మాత్రం లేదు. అటువైపు సర్వీసులో పోయిన మెసేజ్‌ల పట్టీ కూడా తీసింది. ఆ రెండు రోజుల్లో పద్నాలుగు పేరుతో ఒక్క మెసేజ్ కూడా పోలేదు.

“పోనిదే వచ్చినాదని ఆయన ఎట్లంటాడక్కా?” అంది రేవతి.

“అది నువ్వు చెప్పాలి. రెండు దుప్పట్లు తీసుకునింది నువ్వు.”

పాస్‌వర్డులు మార్పించాను. అక్కడితో ఆగలేదు. బోర్డుకూ సర్వీసుకూ మధ్య ఉన్న కలపడాన్నే తీసేయమన్నాను. మిగతా ఇరవై ఒక్క మగ్గాలకూ ఫోన్ చేసే చెప్పుకుంటాను, ఇది ఎవరి ఆటో తేలాలి అన్నాను. రేవతి నా కళ్ళముందే తీసేసింది. ఇక రెండింటికీ సంబంధం లేదు.

గురువారం పొద్దున కార్డు ‘ఆపినవి’లోనే ఉంది. గెలిచాననుకుని ఇంకో కాఫీ తెప్పించుకున్నాను. పదకొండు గంటలప్పుడు దక్షిణామూర్తి ఫోన్.

“అక్కా, పద్నాలుగుకు పడుగు దించేసొచ్చినా.”

“ఎవరు దించమన్నారు?”

“నువ్వే కదా! పొద్దున మళ్ళీ మెసేజ్ వచ్చినాది. మూడు దినాలుగా అడగతానే ఉండావు, ఆపొద్దునుకున్నా.”

ఆ మెసేజ్ వచ్చిన సమయానికి నేను కొట్లో ఒకావిడకు తువ్వాళ్ళు చూపిస్తున్నాను. కంప్యూటర్ నా ఎదురుగానే ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు.

కొట్టు పక్కవాళ్ళకు అప్పగించి గుడియాత్తం బస్సెక్కాను. ఎందుకెళుతున్నానో నాకు స్పష్టంగా తెలుసు. పడుగు వెనక్కి తీసుకురావడానికి.

ముందు దక్షిణామూర్తి షెడ్డుకు పోయాను. ఫోన్ చేతికిచ్చి, ఇదో చూడు, నేనేమన్నా కనిపెట్టినానా అన్నాడు. మెసేజ్‌లన్నీ వరసగా ఉన్నాయి. అన్నీ ఎప్పుడూ వచ్చే నంబరు నుంచే వచ్చాయి. అది సర్వీసు నంబరు, దాంట్లోంచి మనుషులెవరూ టైపు చేసి పంపలేరు. పైకి జరుపుకుంటూ పోయాను. మగ్గం 6 ఖాళీ. మగ్గం 19 ఖాళీ. మామ బతికున్నప్పటివి, మగ్గం 14 ఖాళీ, మగ్గం 14 ఖాళీ. మళ్ళీ కిందికి వచ్చాను. మంగళవారం, బుధవారం, గురువారం. మూడింట్లోనూ ఇలా ఉంది:

‘మగ్గం 14 కాచుకొని ఉంది. పడుగు పంపండి.’

దక్షిణామూర్తి గమనించలేదు. నంబరు చూస్తా, మిగతాది ఎవరు చదవతారక్కా అన్నాడు. ఆ మూడు మెసేజ్‌లనూ నా ఫోనుతో ఫొటో తీసుకున్నాను. షెడ్డులో వెలుతురు చాలదు. ఫొటో కొంచెం మసకగా ఉంది, అంతే.

అత్తావాళ్ళింటి గడపలో కూతురు మొహం ముడుచుకుని నిలబడి ఉంది. రేపు మగ్గం ఇప్పేవాళ్ళొస్తాంటే ఈరోజు పడుగు దించితే ఎట్లక్కా అని నన్ను నిలదీసింది. లోపల సరోజమ్మత్త గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. మామ బట్ట కోసినప్పుడు మగ్గం మీద వదిలిన పాత పోగుల కొసలు అలాగే ఉన్నాయి. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతుకుతోంది. వేలితో మెలిపెట్టి, వదిలి, ఇంకోటి. అప్పటికే జానెడు వెడల్పున అయిపోయింది.

“రా పాపా. నువ్వు చూద్దామంటే లేదనేశావు అనుకున్నా. పంపించేసినావే!”

నేను నోరు తెరిచాను. నేను పంపలేదత్తా అనాలి. అదే అనడానికి బస్సెక్కాను.

“ఇప్పేవాళ్ళను రావద్దని ఫోన్ చేసి చెప్పేసినా,” అంది, చేతులు ఆపకుండానే. “నువ్వు మాట తప్పవని మీ మామ అంటానే ఉండె. పాప నాకోసం కంప్యూటర్‌లో రాత మార్పించినాది, మన మగ్గాన్ని కాలీ అని రాయలేదు అని ఈ వీధంతా చెప్పుకున్నాడు.”

నోరు మూసుకున్నాను. అతికిన పోగొకటి పట్టి లాగి చూశాను. తర్వాత నాకు తెలిసిన భాష ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

“ఎన్ని దినాలకిస్తావత్తా?”

“ఇరవై.”

“మామ పన్నెండుకిచ్చేవాడు.”

“అట్లయితే పోయి మీ మామనే అడుగు.”

“పదహైదు.”

“పద్దెనిమిది. అంచు పట్టి లాగి చూసుకో. ఒక్క పోగు తప్పుండినా తీసుకోవద్దు.”

సరే అన్నాను. వెనక్కి తేవడానికి పోయినదాన్ని పద్దెనిమిది రోజుల గడువిచ్చి వచ్చానని బస్సు కదిలాక గానీ తట్టలేదు. ఇంత చెడ్డ బేరం నా జన్మలో చేయలేదు.

వేలూరు చేరేసరికి ఇంకా వెలుగుంది. బోర్డు చూశాను. పద్నాలుగో కార్డు ‘నేతలో’ వరసలో ఉంది. ఎవరు జరిపారో నమోదు లేదు.

అప్పుడూ లొంగలేదు. బెదిరిస్తే మార్చేదాన్ని కాదు. బోర్డునూ సర్వీసునూ మళ్ళీ కలిపించాను, మాటలు మాత్రం పాతవే ఉంచాను. కంప్యూటర్ వైపు చూసి, పైకే, మామా, ముందు బట్ట రానీ అన్నాను. కొట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

పద్దెనిమిదో రోజు బట్ట వచ్చింది. తిరగేశాను. అంచు లాగాను. తప్పు వెతకడానికి కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నాను. దొరకలేదు. అప్పుడు రేవతికి ఫోన్ చేసి ఒక్క పద్నాలుగుకు కాదు, అన్ని మగ్గాలకూ ‘ఖాళీ’ తీసేసి ‘కాచుకొని ఉంది’ అని పెట్టాలంటే ఎంతవుతుందని అడిగాను. ఏమీ కాదక్కా, ఒక మాటే కదా అంది. నిమిషం కూడా పట్టలేదు. ఏడాది పాటు నేను దాచుకున్నది ఆ నిమిషాన్నే.

ఆ రోజు నుంచి పద్నాలుగో కార్డు నేను జరిపితేనే జరుగుతోంది. అత్త ఇప్పటికి ఏడు పడుగులు నేసింది.

రేవతి తన లెక్కలు తను చెబుతుంది. ఎక్కడో ఆగిన మెసేజ్‌లు ఆలస్యంగా పోయి ఉంటాయట. పోవచ్చు. కానీ నేను ఎక్కడా రాయని మాట వాటిలోకి ఎలా వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఎవరైనా ఆకతాయి పని అనుకుందామంటే, ఆ మాట వీధికంతా తెలిసినా, సర్వీసు నంబరు నుంచి పంపించడం వాళ్ళెవరికీ చేతకాదు. అత్త చేతిలో ఉన్నది బటన్ ఫోన్. దాంట్లో ఆమెకు తెలిసింది పచ్చ బటన్, ఎర్ర బటన్.

మసక ఫొటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. ఇప్పటికైనా నమ్ముతావా అక్కా అని రేవతి అప్పుడప్పుడు అడుగుతుంది.

“చూద్దాం,” అంటాను.