లేసు పరదాల వనభోజనం

ఉపవాసమున్న ముత్తయిదువలందరి చేతా ఒకే చెట్టు కింద, ఒకే గంటలో తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ రోజు వాళ్లకు భోజనం ఆలస్యమైంది గానీ నాకు మాత్రం కడుపు నిండిపోయింది. నవ్వాలనిపిస్తే నవ్వండి, ఏమీ అనుకోను. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను, సరళ పక్కన లేనప్పుడు.

సరళది రాయపూర్ రైల్వే కాలనీలో మా ఎదురు క్వార్టరు. ఏటా కార్తీకమాసంలో మా తెలుగువాళ్ల వనభోజనం ఆవిడే జరిపించేది. పులిహోర ఆవిడది, దీపాలు ఆవిడవి, మెచ్చుకోళ్లూ ఆవిడవే. "సరళ నేకపోతే మనకి కార్తీకమే నేదర్రా" అని నరసమ్మ పిన్ని అన్నప్పుడల్లా నా కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు వేయించేవారు. నరసమ్మ పిన్ని రిటైరైన గార్డుగారి భార్య. ఆవిడ పచ్చజెండా ఊపందే కాలనీలో పేరంటం కూడా కదలదు. ఆవిడ నోట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సరళ పేరుకు బదులు నా పేరు వినాలి. అదే నా జీవితాశయం. పిల్లల చదువులు ఆ తర్వాత.

అందరి చేతుల్లోకీ కొత్తగా స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులవి. నా ఫోన్‌లో ఒకనాడు ఓ ఫొటో కనిపించింది. చెట్టు కింద లేసు గుడ్డ పరిచిన బల్ల, పింగాణీ కప్పులు, వెదురు బుట్ట, కొమ్మల నుంచి జారే తెల్లటి పరదాలు, గొడుగు పట్టుకున్న ఓ దొరసాని. దాన్ని వింటేజ్ పిక్నిక్ అంటారట. చూస్తూనే నాకు దొరసాని కనపడలేదు, కుళ్లుకుని వాడిపోయిన సరళ ముఖం కనపడింది. ఎంత హాయిగా ఉందో ఆ ముఖం!

వెంటనే పిన్ని దగ్గరికెళ్లి, "ఈ ఏడు నేను చేయిస్తాను" అన్నాను.

"నువ్వా? సరే, సరళకీ కాస్త ఆరాం దొరుకుతాది" అంది పిన్ని. ఆరాం కూడా సరళకే!

సరళ పాపం ఆ సాయంత్రమే వచ్చి, "అక్కా, టాటీబంధ్ చౌరస్తా దాటాక ఓ తోటుంది, మంచి ఉసిరిచెట్టుంది, మాట్లాడీమంటావా?" అంది.

"లారీల హారన్ల మధ్య వింటేజ్ ఏమిటి సరళా? నేను చూసుకుంటాలే" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ తోట ఎలాంటిదో నాకు తెలియదు. సరళ చెప్పింది, అంతే, వద్దు.

మావారి స్కూటరెక్కి ఆరంగ్ వైపు వెళ్లి, మహానది దగ్గర ఒక చోటు పట్టాను. పచ్చిక, నీళ్లు, మధ్యలో పెద్ద చెట్టు. కార్తీకంలో ఉసిరిచెట్టుకు పూజ చేసి, దాని నీడనే తినాలి కదా. "ఏమండీ, ఇది ఉసిరేనా?" అని అడిగాను. రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఉసిరికాయను పచ్చడి సీసాలో తప్ప ఎరగని మావారు తలెత్తి చూసి, "ఆకులు చిన్నచిన్నగా ఉన్నాయిగా, ఏక్‌దమ్ ఉసిరే" అన్నారు. నేనసలు తలే ఎత్తలేదు. ఫొటోకి వెలుగు ఎటు నుంచి పడుతుందో చూస్తున్నాను.

ఇక ఏర్పాట్లు చూడాలి. పాతసామాన్ల కొట్టు నుంచి పాడని గ్రామఫోను తెచ్చాను. ఇత్తడి కెటిల్ తోమించాను. పెళ్లినాటి తెల్ల దోమతెరలు కత్తిరించి పరదాలు కుట్టాను. పులిహోర మానేసి కీరా శాండ్‌విచ్‌లు పెట్టాను. అందరూ తెల్లచీరలు కట్టుకోవాలని కబురు పంపితే నరసమ్మ పిన్ని ఇంటికే వచ్చేసింది.

"పసుపు కుంకాలతో ఉన్నోళ్లని తెల్లచీర కట్టమంటావేటే?"

"వింటేజ్ పిన్నీ, పాతకాలం స్టైలు!"

"మా పాతకాలంలో అయితే చీపురు తిరగేసీవోళ్లం" అంది. చివరికి ఎర్రంచు గోధుమరంగు చీరలకు రాజీ కుదిరింది.

వనభోజనం రోజు తెల్లవారకముందే మావారు వెళ్లి చీకట్లోనే పరదాలు కట్టి, బల్ల సర్దేశారు. పొద్దున్నే బస్సు దిగి అందరూ నోళ్లు తెరిచేశారు. గాలికి పరదాలు ఊగుతున్నాయి, కప్పులు మెరుస్తున్నాయి. నేను ఓరగా సరళ వైపు చూశాను. "అబ్బ, ఎంత బాగుందక్కా!" అంది కళ్లింత చేసుకుని. లోపల ఉడికిపోతూ పైకి నవ్వుతోందని నిర్ధారించుకుని ఎంత సంతోషించానో చెప్పలేను.

పిన్ని పసుపు కుంకుమలు పట్టుకుని చెట్టు మొదట్లోకి వెళ్లింది. బొట్టు పెట్టబోతూ తలెత్తి పైకి చూసింది. చెయ్యి వెనక్కి లాక్కుని నా వైపు తిరిగింది.

"ఏమే, ఉసిరిచెట్టుకి చింతకాయలు కాస్తన్నాయేటి?"

అందరూ తలలెత్తారు. నేనూ మొదటిసారి ఎత్తాను. గుత్తులు గుత్తులుగా, వంకర వంకరగా, పచ్చగా చింతకాయలు! మావారి కోసం చూశాను. ఆయన గ్రామఫోను రిపేరు చేసే పనిలో ఎంతో శ్రద్ధగా మునిగిపోయారు.

"పిన్నీ, నీడ ఏ చెట్టుదైనా నీడేగా..."

"చింతచెట్టు కింద తెల్ల పరదాలు కడతావా! మనం దీపం పెట్టడానికొచ్చామా, దెయ్యాన్ని పిలవడానికొచ్చామా?"

"పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టలేదమ్మా" అని ఒకావిడ. "ఉసిరి నేకుండా ముద్దెలా దిగుతాది?" అని ఇంకొకావిడ. "ఈ బిరెడ్డు ముక్కలకైతే ఉసిరైనా ఒకటే, చింతైనా ఒకటే" అని వెనక నుంచి మరొకావిడ. బస్సు వెనక్కి తిప్పమని పిన్ని ఆర్డరేసింది. భూమి చీలితే బాగుండునని నేను నిజంగానే పచ్చిక వంక చూశాను.

అప్పుడు సరళ తన గుడ్డసంచి తీసింది. అందులోంచి కాయలతో సహా ఒక ఉసిరికొమ్మ బయటికొచ్చింది. "ఎందుకైనా మంచిదని ఏటా ఓ కొమ్మ ఎట్టుకుంటాను పిన్నీ. చెట్టు నేనప్పుడు కొమ్మైనా సరిపోద్ది కదా?"

పిన్ని ముఖం వెలిగింది. కొమ్మను నా ఇత్తడి కెటిల్లో గుచ్చి, నా లేసు బల్ల మధ్యలో పెట్టి, చింతచెట్టుకు దూరంగా ఎండలోకి లాగించారు. దీపం వెలిగింది. అందరూ బల్ల చుట్టూ ప్రదక్షిణలు చేశారు, నాతో సహా. అదే సంచిలోంచి పులిహోర డబ్బా కూడా వచ్చింది. దాన్ని నా పింగాణీ కప్పుల్లో పెట్టుకుని తిన్నారు. కోపంగా ఉన్నా, రెండోసారి నేనూ పెట్టించుకున్నాను. ఏం చేస్తాను, బాగుంది.

సాయంత్రానికి ఫొటోలు భిలాయి దాకా వెళ్లిపోయాయి. "సరళగారి పిక్నిక్ అదిరింది!" అని అందరూ అదే మెసేజి. సరళ ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబిచ్చింది: "ఏర్పాట్లన్నీ అక్కవండీ, నాది కొమ్మ మాత్రమే." ఎవరూ నమ్మలేదు. ఎంత వినయమోనని ఇంకా మెచ్చుకున్నారు.

తిరుగు బస్సులో ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇప్పుడైనా కుళ్లు బయటపెడుతుందని చెవులు రిక్కించాను.

"అక్కా, నిజంగా నాకు ఇలాటివి చేతకావు. వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యాల. నేను చెట్టు చూసి పెడతానులే" అంది నా చెయ్యి పట్టుకుని.

ఆ కళ్లలో ఎంత వెతికినా పిసరంత అసూయ లేదు. ఎవరిని కుళ్లబెట్టాలని నెల రోజులు దోమతెరలు కుట్టానో ఆవిడ నన్ను చూసి జాలిపడుతోంది! పిన్ని తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ జాలి ఒక్కటే ఒక ఎత్తు.

అందుకని ఆ బస్సులోనే, మహానది సాక్షిగా, ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట సరళ మీద అసూయపడాల్సి వస్తే ఇంట్లో కూర్చుని, తలుపులేసుకుని, ఒక్కదాన్నే పడతాను. కాలనీ మొత్తాన్ని ఉపవాసాలతో బస్సెక్కించి మాత్రం పడను.